కాక తెచ్చిచ్చిన మూడు సుతిళ్లు

కిందటి నెల ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసి, నా పాత సిద్ధాంత గ్రంథాన్ని విశ్వవిద్యాలయం వాళ్లు కంప్యూటర్లోకి ఎక్కించారనీ, అందులో గని కప్పు దిగుబాటు చూపించే గీత అంత తిన్నగా రావడం చూసి ముచ్చటపడ్డాననీ, ఆనాడు చేత్తో రాసుకున్న కొలతల పుస్తకం ఉంటే ఒకసారి చూపించమనీ ఎంతో మర్యాదగా అడిగింది. ఇళ్లు మారడంలో ఎక్కడో పోయిందమ్మా అన్నాను. పోలేదు. ఇనుప పెట్టెలో మా ఆవిడ పట్టుచీరల అడుగున యాభై ఏళ్లుగా భద్రంగా ఉంది. ఎనభైకి దగ్గరపడ్డవాణ్ని, మనవరాలి ఈడు పిల్లతో అంత సులువుగా అబద్ధమాడానంటే ఆ అలవాటు ఎక్కడ పడిందో చెప్పుకోవాలి కదా. స్లైడ్‌రూలుతో లెక్కలు కట్టి, కార్బన్ కాగితాలు పెట్టి థీసిసులు టైపు కొట్టించిన నా తోటివాళ్లకైతే కొంత అర్థమవుతుందని రాస్తున్నాను, క్షమిస్తారని మాత్రం కాదు.

డెబ్బైల మొదట్లో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తూ హైదరాబాదు నుంచి గోదావరిఖని వచ్చాను. బొగ్గు తీసినకొద్దీ గని కప్పు కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది; ఆ దిగుబాటును రోజూ కొలిచి, గణితంతో ఒక సూత్రం తేలిస్తే, కప్పుకు ఆనించే దుంగల మధ్య ఎంత ఎడం ఉండాలో దాన్ని బట్టి సర్కారు ఒక చట్టమే చేయవచ్చునని మా గురువుగారి ఆశ. కప్పు సమంగా దిగుతుందని ఆయన ముందే నమ్మారు. గీత వంకర పోయిందంటే కొలిచినవాడి చెయ్యి వణికిందన్నమాట, అనేవారు. నా ఉపకారవేతనం ఆయన సంతకం మీద ఆధారపడి ఉండేది, కాబట్టి నేనూ అదే నమ్మాను.

గని మేనేజరు నన్ను ఒక టింబర్‌మన్‌కు అప్పజెప్పాడు. కప్పుకు దుంగలు నిలబెట్టే పని ఆయనది. అందరూ కాక, అంటే బాబాయి, అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచాను. ఆయన కర్రతో కప్పును కొట్టి, చెవి ఒగ్గి విని, ఊఁ అంటే తప్ప బొగ్గు నింపే ముఠాలో ఒక్కడు కూడా అడుగు లోపల పెట్టేవాడు కాదు. షిఫ్టు మీద పెత్తనం చేసే ఓవర్‌మన్ వచ్చి అరిచినా సరే, కాక ఊఁ అనాల్సిందే. అక్షరం ముక్క రాని మనిషికి అంత విలువ ఉండటం చూసి, నిజం చెప్పొద్దూ, నాకు లోపల కొంచెం కడుపుమంటగానే ఉండేది.

మొదటిరోజే ఆయన వెంట బాయిలోకి దిగాను. అక్కడ గనిని బాయి అంటారు. ఏదో దుంగ కిర్రుమంది. బరువు మీద పడితే కర్ర అలా మాట్లాడుతుంది, మాట్లాడే కర్రే మంచిది అని కాక నవ్వుతూ చెబుతున్నా నేను భయంతో గోడ పట్టుకుని కూలబడ్డాను. పైకి తీసుకొచ్చి నీళ్లిచ్చి, ఎవరూ వినకుండా నెమ్మదిగా అన్నాడు: "సారూ, ఫికర్ జెయ్యకుండ్రి. మీరు పైన్నే కూసోండ్రి, కొలత నేను తెచ్చిస్త." అంకెలు చదవడం రాదు గనక కొలత కడ్డీ ఆయనకు పనికిరాదు. అందుకని కప్పుకు కొట్టిన మేకు నుంచి సుతిలి, అంటే సన్నని పురికొస, వేలాడదీసి, నేల మీది మేకును తాకిన చోట ముడివేసి, రోజుకొక సుతిలి చొక్కా జేబులో పెట్టుకుని తెచ్చేవాడు. నేను క్యాంటీన్ బల్ల మీద దాన్ని పరిచి, స్కేలుతో కొలిచి, 'స్వయంగా తీసుకున్న కొలత' అని రాసి కింద సంతకం పెట్టేవాణ్ని. ఇలా నాలుగు నెలలు గడిచాయి. నా బూట్లకు మసి అంటలేదు గానీ గీత మాత్రం చక్కగా వస్తోంది.

ఒక వారం వరసగా మూడు రోజులు సుతిలి పొట్టిగా వచ్చింది. రోజుకు వెంట్రుకవాసి తగ్గే కొలత వేలి మందాన తగ్గుతోంది. ముడి తప్పు వేశావు కాకా, అని మొదటిరోజే విసుక్కున్నాను. మూడో రోజు ఆయన కూర్చోకుండా నిలబడే చెప్పాడు: "సుతిలి తప్పు గాదు సారూ, కప్పే దిగుతాంది. మీరు పుస్తకంల రాసుకోండ్రి. మీరు రాసినంక పెద్దసార్లకు ఎరుకైనట్టే గద." నేను తలూపాను. యూనివర్సిటీ నుంచి వచ్చి, మేనేజరు ఆఫీసులో కుర్చీ వేయించుకుని కూర్చునేవాడి పుస్తకంలోకి ఎక్కిందంటే మేనేజరుకు చేరినట్టేనని ఆయన నమ్మకం. అందుకే ఓవర్‌మన్‌కు వేరే చెప్పలేదు. నేనేమో చదువురానివాడి ముడి కంటే నా సూత్రమే నిజమనుకుని, ఆ మూడు రోజులకూ గీత మీద పడే అంకెలు వేసుకున్నాను.

ఆ సాయంత్రం షిఫ్టులోనే కప్పు కూలింది. కొత్తగా ఒక దుంగ నిలబెడదామని వెళ్లిన కాక, ముందు ఆ దుంగ మోసుకొచ్చిన ఇద్దరు కుర్రాళ్లను బయటికి తోసి తాను కింద చిక్కాడు. ఎడమకాలు మోకాలి దాకా నుజ్జయింది.

విచారణ దవాఖానలో ఆయన మంచం పక్కనే జరిగింది. కప్పు బాగా లేదని తెలిసీ ఎవరికీ చెప్పకుండా ఎందుకు వెళ్లావన్నదే ప్రశ్న. చెప్పలేదని తేలితే తప్పు ఆయనది. "చెప్పకేంది? మూడు దినాల సంది చెప్తనే ఉన్న. సుతిళ్లు సారుకిచ్చిన, ఆయన రాసుకున్నడు, అడుగుండ్రి" అన్నాడు కాక. విచారణాధికారి నావైపు తిరిగాడు. అవునంటే నాలుగు నెలలు నేను బాయిలోకి దిగలేదని తేలుతుంది, పరిశోధన పోతుంది, ఉపకారవేతనం పోతుంది, గురువుగారి ముఖం చూడలేను. ఇవన్నీ ఒక్క క్షణంలో ఆలోచించేశాను, అంత తెలివైనవాణ్ని. కొలతలన్నీ నేనే తీసుకున్నానండీ, సుతిళ్ల సంగతి నాకు తెలియదు, అని పుస్తకం తెరిచి ఇచ్చాను. అధికారి దాన్ని చూసి, తిన్నగా ఉన్న అంకెలను చూసి, తలపంకించి ఏదో రాసుకున్నాడు. కాక నన్ను ఒకసారి చూసి, ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

తప్పు ఆయనదేనని కాగితం వచ్చింది. కాలు తీసేశాక బాయి బయట, దిగేవాళ్లకు దీపాలిచ్చే గదిలో కూర్చోబెట్టారు. తన మీద కూలేది తెలుసుకోలేనివాడు మనకేం చెబుతాడని, ఒకప్పుడు ఆయన ఊఁ కోసం ఆగిన వాళ్లే అన్నారట. నాకు డాక్టరేటు వచ్చింది. ఆ గీత చూసే నన్ను గనుల భద్రతా నియమాలు రాసే సంఘంలో నిపుణుడిగా వేశారు. సిగ్గులేకుండా వెళ్లి కూర్చున్నాను.

ఆ సంఘం పని మీదే ఏడెనిమిదేళ్లకు మళ్లీ గోదావరిఖని వెళితే, బస్టాండు దగ్గర కాకే నన్ను గుర్తుపట్టి, వద్దన్నా వినకుండా చంకకర్రల మీద నడుస్తూ క్వార్టరుకు తీసుకెళ్లాడు. భార్యకూ, అల్లుడికీ, చూడవచ్చిన ఇరుగుపొరుగులకూ నన్ను చూపించి, "గీ సారు మన బాయి మీదనే సదివి గింత పెద్దగైండు. దినాం నాతోని బాయిల దిగెటోడు, మస్తు ధైర్నం" అన్నాడు. అల్లుడు నా ముందుకు జరిగి, "మామదే తప్పని ఇప్పటికీ అంటరు సారూ. అప్పుడు మీరు ఆడనే ఉన్నరు గద, నిజమేనా?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే కాక అందుకుని, "పాత ముచ్చట్లు ఇప్పుడేందిరా, సారుకు చాయ్ వొయ్యిమను" అన్నాడు. నన్ను కాపాడాడో, నా అబద్ధాన్ని నా ముందే పెట్టి నేనేం చేస్తానో చూశాడో ఈనాటికీ తేల్చుకోలేను. ఏమైనా, నేను చాయ్ తాగాను. బాగుందని కూడా అన్నాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు కప్పు దిగుబాటును యంత్రాలే పసిగట్టి, పైన తెర మీద చూపిస్తాయట. ఎవడూ భయపడి ఇంకొకడి చేత కొలిపించుకోనక్కర్లేదు, చదువుకున్నవాడి సాక్ష్యం కోసం కూలివాడు మంచం మీద నుంచి ఎదురుచూడనక్కర్లేదు. మంచిదే, సంతోషమే. మా కాలంలో మాత్రం ఒక మనిషి మాట నిలబడాలంటే ఇంకొక మనిషి అవునని అనాల్సి వచ్చేది, నన్ను రెండుసార్లు అడిగారు, నేను అనలేదు.