పండు తింటే ఉపవాసం చెడదు

గణపవరం దగ్గర చేపల చెరువు గట్టున కాపురముండే రత్నమాణిక్యానికి తెలిసిన వైద్యం ఒక్కటే, ఉపవాసం. కూతురికి జ్వరమొచ్చినా, చెరువులో చేప చచ్చి తేలినా ఆవిడ అన్నం మానేసేది. శనివారం ఎలాగూ ద్వారకా తిరుమల వెంకన్నది. అన్ని పూటలు కడుపు మాడ్చుకున్న మనిషి మీద ఆ దేవుడికి కాస్తయినా మొహమాటం ఉండాలి. లేకపోయింది.

ఆవిడ భర్త జగ్గారావు ఆ చెరువులోనే చేపలకు మేత వేస్తాడు. దొడ్డికి వెళితే నెత్తురు పడుతోందన్న సంగతి చాన్నాళ్ళు దాచాడు. అతని అన్న ఇలాగే దాచుకుని దాచుకుని, పేగులో గడ్డ ముదిరి చనిపోయాడు. ఆ భయంతో ఆవిడ కాళ్ళావేళ్ళా పడితే, ఒక్కసారికే వస్తాననీ, రెండోసారి అడగొద్దనీ మాట తీసుకుని మరీ ఏలూరు ఆసుపత్రికి బయల్దేరాడు.

పేగులోకి గాలి పంపి స్కానింగ్ తీయాలన్నారు అక్కడ. అప్పటికి పేగులో ఏమీ మిగిలి ఉండకూడదట. అందుకని పరీక్షకు ముందు మూడు రోజుల్లో, మొదటి రెండు రోజులూ మెత్తటి తెల్లన్నం, పలచటి మజ్జిగ తినమంది నర్సు. గింజా తొక్కా ఉన్నవేవీ వద్దంది. ఆఖరి రోజు తిండే వద్దు, నీళ్ళూ విరేచనాల మందూ తప్ప. రత్నమాణిక్యం బుద్ధిగా తలూపింది. తిండి మానేయడం తనకొకరు నేర్పాలా అనుకుంది.

ఇంటికొచ్చాక, అన్నం తింటూ ఉపవాసమేమిటి అనిపించింది. మొగుడి ప్రాణం కోసం నర్సు చెప్పినదానికంటే ఎక్కువే చేయాలనుకుంది. మొదటి రోజు నుంచే అతన్ని మెతుకు ముట్టనివ్వలేదు. నీరసపడితే జామపండ్లు కోసి పెట్టింది, ఆఖరి రోజు కూడా. పండు తింటే ఉపవాసం చెడుతుందని ఆవిడ పుట్టింట్లో గానీ మెట్టినింట్లో గానీ ఎవరూ అనలేదు మరి.

పరీక్ష రోజున ఏమైనా తిన్నారా అని అడిగితే, జగ్గారావు కంటే ముందు ఆవిడే అందుకుంది.

"అన్నం మొహం చూసి మూడు రోజులైందండీ."

అతన్ని లోపలికి తీసుకెళ్ళారు. చాలాసేపటికి డాక్టరుగారు బయటికొచ్చి, పేగంతా ముద్దలు ముద్దలుగా ఏదో ఉందనీ, అందులో ఏది పిప్పో ఏది గడ్డో తేల్చలేకపోతున్నాననీ చెప్పారు. ఏం పెట్టారమ్మా అని అడిగారు.

"ఏమీ పెట్టలేదండీ. జామపండ్లు, అంతే."

ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ఈసారి చెప్పింది చెప్పినట్టు చేసి, మళ్ళీ రమ్మన్నారు. వెనకనుంచి గొట్టం పెట్టి గాలి నింపించుకున్న మనిషి, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ ఆవిడ వంక చూడకుండా అన్నాడు.

"ఒక్కసారే అన్నాను కదా మాణిక్యం. వచ్చాను. అయిపోయింది."

ఇంటికొచ్చి ఎన్ని రకాలుగా ఏడ్చినా అతను కదల్లేదు. కోపమూ చూపించలేదు, యథాప్రకారం మేత వేయడానికి వెళుతున్నాడు. మరక పడిన పంచెలు ఇప్పుడు దాచడం కూడా మానేశాడు. వాటిని ఆవిడే ఉతుకుతోంది. తన చేత్తో తానే చేసుకుంది, ఎవరిని అని ఏం లాభం?

తర్వాతి శనివారం రత్నమాణిక్యం పొద్దున్నే అన్నం వండుకుని పీట వేసుకుని కూర్చుంది. చెరువు మీదనుంచి వచ్చిన జగ్గారావు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఈవేళ శనివారం కదే."

"తెలుసండీ," అని ఆవిడ ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.