సముద్రం వరకే మా పూచీ

అమెరికాలో, షాంటిలీ అనే ఊళ్లో మా అపార్ట్‌మెంట్‌లో నలుగురం తెలుగు అమ్మాయిలం ఉండేవాళ్లం. మిగతా ముగ్గురూ కంప్యూటర్లు, నేనొక్కదాన్నే చరిత్ర. "హిస్టరీలో పీహెచ్‌డీనా? దానికి జాబ్స్ వస్తాయా?" అని పార్టీల్లో కనిపించిన ప్రతి ఆంటీ అడిగేది. అక్కడితో ఆగినా బాగుండేది. "పోనీలేమ్మా, తర్వాత డేటా సైన్స్‌కి మారిపోవచ్చు" అని ఓదార్చేవాళ్లు కూడా. పందొమ్మిదో శతాబ్దంలో అరబ్బుల తీరం వెంబడి ఇంగ్లీషువాళ్లు నడిపిన ఓడల కాపలా మీద పనిచేస్తున్నానని చెబితే ఇక ఆ ఓదార్పు కూడా ఉండేది కాదు. ప్లేట్ పట్టుకుని పక్క సోఫాకి వెళ్లిపోయేవాళ్లు.

అలాంటి రోజుల్లో మా డిపార్ట్‌మెంట్‌లో ఒక తెలుగమ్మాయి జూనియర్‌గా చేరింది. అట్లాంటా పక్కన అల్ఫారెట్టాలో పుట్టి పెరిగిన పిల్ల. మొదటి రోజే "అక్కా" అంది. ఈ దేశంలో నన్ను అక్కా అని పిలిచిన మనిషిని అనుమానించడం నాకు ఇప్పటికీ చేతకాదు. ఇంటికి తీసుకొచ్చి వంటింటి గట్టు మీద కూర్చోబెట్టి, గోంగూర పప్పుతో అన్నం కలిపి పెట్టాను. ఆ తర్వాత వారానికోసారైనా వచ్చేది. నేను వండుతూ చెప్పేదాన్ని, తను తింటూ వినేది.

నేను చెప్పేది నా థీసిస్ గురించే. ఇంగ్లీషువాళ్లు బొంబాయి నుంచి ఓడలు తెచ్చి, ఆ తీరంలోని పడవల్నీ కోటల్నీ తగలబెట్టారు. అక్కడివాళ్లకి సముద్రపు దొంగలని పేరు పెట్టారు. ఆ తర్వాత షేక్‌లందర్నీ కూర్చోబెట్టి ఒప్పందాలు రాయించారు. ముత్యాల కోసం పడవలు వెళ్లే కాలంలో కొట్లాటలు ఉండకూడదన్నది మొదటి మాట. కొన్నేళ్లకి అది ఎప్పటికీ కొట్లాట వద్దు అనేదాకా వచ్చింది. అందులో ఒక షరతు ఉంది. సముద్రం మీద నిన్నెవరైనా దోచుకుంటే నువ్వు తిరగబడకూడదు. గల్ఫ్‌లో ఉన్న ఇంగ్లీషు అధికారికి ఫిర్యాదు చేయాలి, న్యాయం ఆయన చూస్తాడు. అయితే ఆ పూచీ నీళ్ల వరకే. నేల మీద ఎవడొచ్చి నీ ఊరు కొల్లగొట్టినా అది మా సంగతి కాదనేవాళ్లు.

ఈ షరతు చదివినప్పుడు నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చింది. వేసవి సెలవుల్లో పిల్లలమంతా ఆవిడ ఇంట్లో పోగయ్యేవాళ్లం. ఎవరు కొట్టినా తిరిగి కొట్టకూడదు, వచ్చి తనకి చెప్పాలన్నది ఆవిడ చట్టం. తిరిగి కొట్టినవాడికి, తప్పు వాడిది కాకపోయినా, వీపు మోగిపోయేది. సెలవులయ్యేసరికి మేమంతా కొట్టుకోవడం మర్చిపోయి, ఒకళ్ల మీద ఒకళ్లం చాడీలు చెప్పుకోవడంలో ఆరితేరేవాళ్లం. మామిడి టెంక ఎవరికో, కిటికీ దగ్గర పడక ఎవరికో అన్నీ ఆవిడ ఇష్టం. ఫిర్యాదు వినేవాళ్లే చివరికి యజమానులవుతారు. ఇంగ్లీషువాళ్లకి ఆ తీరం మీద పెత్తనం తుపాకులతో ఎంత వచ్చిందో ఫిర్యాదులు వినడంతోనూ అంతే వచ్చిందన్నది నా ఆలోచన. నా మూడో చాప్టర్‌కి ప్రాణం అదే. అప్పటికి ఇంకా రాయలేదు. ఉద్యోగాలకి అప్లై చేసేటప్పుడు నాదంటూ చూపించడానికి నాకున్నది ఆ ఒక్క ఆలోచనే.

"అక్కా, దిస్ ఈజ్ సో గుడ్. నీ పెద్దమ్మ గురించి ఇంకా చెప్పు" అంది ఆ అమ్మాయి. మురిసిపోయి ఇంకా చెప్పాను.

వసంతంలో ఒక సదస్సులో తను మాట్లాడుతోందని తెలిసి, చప్పట్లు కొట్టడానికే పనిగట్టుకుని డ్రైవ్ చేసుకుని వెళ్లాను. ముందు వరసలో కూర్చున్నాను. తను ఓడల గురించి మొదలుపెట్టింది, బాగానే ఉంది. తర్వాత ఫిర్యాదు షరతు దగ్గరికొచ్చింది. కాగితం మీంచి తల ఎత్తి, నవ్వి, "ఇండియాలో మా అమ్మమ్మ ఇంట్లో ఒక రూల్ ఉండేది" అంది.

టెంకతో సహా చెప్పింది. హాలంతా నవ్వింది. ఆలోచన ఎత్తుకుపోతే ఒక రకం. నా చిన్నతనాన్ని తీసుకెళ్లి తన అమ్మమ్మకి అంటగట్టడమేంటి? ఆ అమ్మమ్మ అట్లాంటాలోనే ఉంటుందనీ, వాళ్లింట్లో ఇంకో పిల్లే లేదనీ ఆ పిల్లే నాతో చెప్పింది.

బయట కారిడార్‌లో పట్టుకుని అడిగాను. తను భయపడలేదు, అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. "అక్కా, నువ్వు మ్యాడ్ ఉన్నావా? నువ్వు ఎప్పుడూ 'మన' అనే చెప్తావు కదా. మన ఇంట్లో, మన పిల్లలు అని. నేను ఫ్యామిలీ అనుకున్న" అంది. ఆ కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి. పక్కన నిలబడ్డవాళ్లు ఆమెనే ఓదార్చారు.

మా ఇద్దరికీ గైడ్ ఒకాయనే. ఆయన మంచివాడన్న పేరున్న పెద్దమనిషి. విద్యార్థుల మధ్య గొడవలొస్తే నలుగురిలో పెట్టుకోవద్దనీ, మెయిళ్లు రాసుకోవద్దనీ, నేరుగా తన దగ్గరికి రమ్మనీ మొదట్లోనే చెప్పాడు. బుద్ధిగా అలాగే చేశాను. ఎవరితోనూ ఒక్క మాట అనకుండా వెళ్లి ఆయన ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను. ఆయన ఓపిగ్గా విన్నాడు. టిష్యూ డబ్బా నా వైపు జరిపాడు. నేను ముందే రాసిపెట్టిందో, సభలో చదివిందో అయితే తను కలగజేసుకోగలడట. నా వంటింట్లో భోజనాల దగ్గర అనుకున్న మాటలు మా ఇద్దరి సొంత విషయమట.

నవ్వొచ్చింది నాకు. ఆ మాటని పాత కాగితాల్లో ఎన్నిసార్లు చదివానో, ఎన్నిసార్లు ఇంగ్లీషువాళ్లని తిట్టుకున్నానో. షేక్‌లకి కనీసం ఎదురుగా తుపాకుల ఓడ నిలబడి ఉంది కాబట్టి సంతకం పెట్టారు. నాకేమైంది? నా అంతట నేనే మాట బయట పెట్టకుండా, తిరగబడకుండా వచ్చి ఆయన ముందు చేతులు కట్టుకు కూర్చున్నాను. ఒళ్లు మండిపోయింది, ఆ అమ్మాయి మీద కంటే ఆయన మీద, ఆయన కంటే నా బుద్ధిమంతురాలితనం మీద.

ఆ శీతాకాలం ఆ అమ్మాయి వ్యాసం అచ్చయింది. నా మూడో చాప్టర్ అప్పటికి పూర్తయింది. గైడ్ చదివి, బాగుందని చెప్పి, ఒక్క సవరణ అడిగాడు. ఈ ఆలోచన ముందే అచ్చయింది కాబట్టి ఆమె పేరు పెట్టాలి, లేకపోతే నేను కాపీ కొట్టానంటారు, నా మంచికే చెబుతున్నాడు. డిగ్రీ ఆగితే వీసా ఆగుతుంది. ఫిర్యాదు వినేవాళ్లే యజమానులవుతారన్న వాక్యం కింద ఫుట్‌నోట్‌లో ఆ అమ్మాయి పేరు టైప్ చేశాను. మళ్లీ మళ్లీ చెరిపి రాశాను.

థీసిస్ మీద ప్రశ్నలడిగే రోజున కమిటీలో ఒకావిడ ఆ పేజీ దగ్గర ఆగింది. మొత్తంలో తనకి బాగా నచ్చినది ఇదేనంది. కింద పేరు చూసి, "ఇంత చక్కటి ఆలోచనకి ఈ అమ్మాయికి మీరు చాలా రుణపడి ఉన్నారన్నమాట" అంది. మా గైడ్ తన ముందున్న కాగితాలు సర్దుకుంటున్నాడు.

అవునన్నాను.