ఊరందరి రోగాలూ చిన్నపోలయ్యవే

పాలెంలో ఎవరికి ఏ జబ్బు చేసినా, తెల్లారేసరికి అది చిన్నపోలయ్యకూ చేసేది. ఓబయ్యకు పన్ను నొప్పి వస్తే ఈయన దవడకు గుడ్డ కట్టుకుని తిరిగాడు. ఆ వైపు ఆయనకు పళ్లే లేవు. మేనకోడలు పేరమ్మ పెద్దపిల్లను కనేటప్పుడు గుడిసె బయట ఇసకలో పొట్ట పట్టుకుని దొర్లింది కూడా ఈయనే. "ముందు ఎవురికి పురుడు పొయ్యమంటారు?" అని మంత్రసాని విసుక్కుంటే, అంత బాధలోనూ పేరమ్మకు నవ్వొచ్చింది.

చూడబోతే మనిషి తాటిమొద్దులా ఉండేవాడు. అలకు ఎదురెళ్లి తెప్ప తోసేటప్పుడు ఇద్దరి బలం చూపించేవాడు. ఒడ్డెక్కగానే మూలుగు మొదలు.

పంతొమ్మిది వందల అరవై మూడులో పేరమ్మ మొగుడు మునెయ్యకు దగ్గు పట్టుకుని వదల్లేదు. అల్లూరు ఆస్పత్రిలో క్షయ అని చెప్పి సూదులు, బిళ్లలు మొదలుపెట్టారు. ఆ సంగతి పేరమ్మ ఎవరికీ చెప్పలేదు. మేనమామకు అసలు చెప్పలేదు. చెబితే ఆయనా దగ్గుతాడు, పాలెమంతా వింటుంది.

ఒకరోజు ఆస్పత్రి నుంచి నర్సు పుష్పకుమారి వచ్చింది.

"వచ్చే మంగళవారం రోడ్డు మీదికి ఎక్స్‌రే బండి వస్తుంది. పిల్లలిద్దర్నీ తీసుకురా పేరమ్మా. ఒకే ఇంట్లో మెలిగేవాళ్లకు ముందు సోకుతుంది. మొదట్లోనే కనిపెడితే బిళ్లలతో పోతుంది."

"మేము రాములేమ్మా."

"చిన్నదానికి సాయంత్రమైతే ఒళ్లు కాలుతోందని నువ్వేగా చెప్పావు?"

"బండెక్కిస్తే మాది క్షయ ఇల్లని తెలిసిపోతాది. మా ఆయన్ని మళ్లీ తెప్ప ఎక్కనిస్తారా? నా గంపలో చేప ఎవురన్నా ముట్టుకుంటారా?"

పుష్పకుమారి ఎంత చెప్పినా పేరమ్మ తల అడ్డంగానే ఊపింది. ఊపుతూనే చిన్నదాని నుదురు తడిమి చూసుకుంటోంది.

అంతలో తడిక పక్కన దగ్గు వినపడింది. చిన్నపోలయ్య తల లోపలికి పెట్టాడు.

"ఆ జబ్బుకి గుణాలేంది తల్లీ?"

"దగ్గు, సాయంత్రం జ్వరం, మనిషి చిక్కిపోవడం."

"మూడూ ఉండాయి నాకు" అన్నాడు ఆయన తృప్తిగా.

పేరమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. ఇక కొంప మునిగినట్టేననుకుంది.

మర్నాడు వలలు బాగుచేసుకునే పాకలో అందరూ ఉండగా చిన్నపోలయ్య చెప్పాడు, "నాకు క్షయ వచ్చుండాది."

ఎవరూ తల ఎత్తలేదు. "రాకుండా ఎట్టా ఉంటాదిలే" అన్నాడు ఓబయ్య.

"ఈనాటిది కాదురా. మునెయ్యకు గూడా నేనే అంటించినా. వానలన్నాళ్లూ ఈ పాకలోనే కదా కూచున్నాము? నేను ఎవురి మొహాన దగ్గలేదో చెప్పండి."

వల అల్లే చేతులు ఆగిపోయాయి. నిరుడంతా ఆయన ఎవరి మొహాన దగ్గాడో అందరికీ ఒక్కసారే గుర్తొచ్చింది.

"మా అమ్మ మొహాన దగ్గినావు" అన్నాడు ఓబయ్య నెమ్మదిగా.

"అయితే ఆమెను గూడా బండి కాడికి తీసుకురా. అందరం పోదాము. ముందు నేను."

"అంటించిందీ నువ్వే, ముందూ నువ్వేనా?"

మంగళవారం పాలెమంతా చిన్నపోలయ్యను తిట్టుకుంటూ రోడ్డెక్కింది. ఆ గుంపులో పిల్లల చేతులు పట్టుకుని పేరమ్మ కూడా నడిచింది. ఆమె వైపు చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

చిన్నపిల్ల ఊపిరితిత్తుల్లో మచ్చ కనపడింది. ఓబయ్య తల్లికీ కనపడింది. ఆమెకుందని ఎవరూ అనుకోనే లేదు.

"మీకేమీ లేదు పెద్దాయనా, మీ ఊపిరితిత్తులు బ్రహ్మాండంగా ఉన్నాయి" అంది పుష్పకుమారి.

చిన్నపోలయ్య చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట పాలెంలో చెప్పబాక తల్లీ."

వెనకే నిలబడ్డ పేరమ్మకు ఆ మాట వినపడింది.

అప్పటినుంచి ప్రతి నెలా చిన్నపోలయ్య తల్లీబిడ్డలకు ముందుగా దగ్గుకుంటూ ఆస్పత్రికి నడిచేవాడు. ఎదురొచ్చిన వాళ్ల చీవాట్లన్నీ ఆయనకే. పిల్ల బిళ్ల మింగితే, ఈయన బెల్లంముక్క నోట్లో వేసుకుని మొహం చేదుగా పెట్టేవాడు. పిల్ల పడీ పడీ నవ్వేది.

చిన్నదానికి పూర్తిగా నయమైందని డాక్టరు చెప్పేనాటికి మునెయ్య తెప్ప ఎక్కుతున్నాడు. ఆ రోజు ఇసకదారిన ఇంటికొస్తూ పేరమ్మ అడిగింది.

"మామా, నిజం చెప్పు. నీకు ఒక్కనాడన్నా జబ్బు చేసిందా?"

"ఒక్కరే పడుండి మూలగతా ఉంటే శానా కష్టం మే పేరమ్మా. పక్కన ఇంకొకడు మూలిగితే వాణ్ణన్నా తిట్టుకోవచ్చు."

పురిటినాడు గుడిసె బయట వినపడిన మూలుగు పేరమ్మకు గుర్తొచ్చింది. ఆనాడు నవ్వొచ్చినందుకే తనకు భయం పోయింది. ఈ మనిషి తనకు తండ్రి కన్నా ఎక్కువ అనిపించి కళ్లు మసకబారాయి. దారి సరిగా కనపడక తుమ్మముల్లు తొక్కింది.

"అబ్బా!"

వెనక్కి తిరిగి చూసిన చిన్నపోలయ్య అప్పటికే ఎడమకాలు ఎత్తి కుంటుతున్నాడు.

"గుచ్చుకునింది కుడికాల్లో మామా" అంది పేరమ్మ.

చిన్నపోలయ్య కాలు మార్చాడు.