సింహాచలం కూత

నేను పెంచి చెబుతానని పలాస నుంచి టెక్కలి దాకా ఆటోవాళ్లక్కూడా తెలుసు. ఇది మాత్రం పెంచలేదు. పెంచితే రేపటి నుంచి నా గొంతు పెగలకూడదు... సరేనా?

ముప్పై ఏళ్లు కబడ్డీ కామెంటరీ చెప్పాను. నేను మైకు పట్టుకుంటే బారువలో కెరటాలు ఆగి వినేవి. నిరుడు అక్కడే, ఇసుకలో, ఫ్లడ్‌లైట్ల కింద ఫైనల్. చనిపోయిన రైడర్ సింహాచలం పేరు మీద పెట్టిన పోటీలు.

అప్పటికే నా కళ్లు రెండూ మసకేసిపోయాయి. మనిషి నించుంటే కొబ్బరిచెట్టనుకునేవాణ్ణి. బయటపడితే మైకు పోతుంది. అందుకే చెవులతో నెట్టుకొచ్చాను. కబడ్డీ కబడ్డీ అని ఒక్కొక్కడూ ఒక్కోలా కూత పెడతాడు. అది విని పేరు చెప్పేసేవాణ్ణి. ఒక్కసారీ తప్పలేదు.

చివరి రైడ్. ఉన్నట్టుండి జనం గోల దూరమైపోయింది. గాలి లేదు. కెరటం చప్పుడు... అదీ లేదు.

అప్పుడు వినబడింది.

కబడ్డీ... కబడ్డీ... క... బడ్డీ...

మూడోసారికి చిన్న విరుపు. ముక్కులోంచి సన్నగా ఈల. పదేళ్లు విన్న కూత అది. అరగంటైనట్టుంది... ఊపిరి మాత్రం తియ్యడు.

నా నోరు దానంతటదే అనేసింది.

"సింహాచలం... రైడ్‌కి వచ్చాడు!"

పదివేల మంది... పోనీ, నాలుగొందల మంది... నోళ్లు మూసేశారు. పక్కన స్కోరు రాస్తున్న మా బావ అప్పన్న మైకు మీద చెయ్యేశాడు.

"బావా, ఏటి సేత్తన్నావు? ఎల్లినోడు రాంబాబు!"

"మరి ఆ కూత?"

"ఆడు కూతే పెట్టనేదు. అంపైరు ఔటిచ్చేసినాడు. నీకసలు అగుపడతందా, నేదా?"

అంతే. కమిటీవాళ్లు శాలువా కప్పి మైకు లాగేసుకున్నారు.

ఆట ముగిశాక రాంబాబుని పట్టుకున్నాను. "కూతెందుకు పెట్టలేదురా?"

వాడు కాళ్లకంటిన ఇసుక దులుపుకుంటూ చెప్పాడు.

"పెడదామనే నోరు తెరిసినాను మావా... నా ముందు ఇంకొకడు పెడతన్నాడు. ఒకేపాలి ఇద్దరెల్తే రైడు పోద్ది కదా... ఆగిపోనాను."

ఓడినవాడి సాకేమో. కళ్లతో పాటు నా చెవులూ పోయాయేమో. ఏమో!

మొన్న శుక్లాలు తీయించుకున్నాను. ఇప్పుడు చీమ మీసాలు కూడా లెక్కపెట్టగలను. కమిటీవాళ్లు మళ్లీ మైకు ఇస్తామంటున్నారు. నేనే... ఊ అనలేదు.

మళ్లీ ఆ కూత వినబడి... ఈసారి మనిషి కూడా కనబడితే?