ఏడు ముఖాల కంచె

ఆషాఢ శుద్ధ ఏకాదశి ఉదయం ఎనిమిదికి పోలవరానికి ఎగువన ఇసుక దిబ్బ మీద దిగాం. ఇరవై ఒక్క తుపాకులు, తలకు అరవై తూటాలు, పన్నెండు రోజుల బియ్యం, ఒక పడవ, దాని సరంగు. వాన. రెండు కొండల నడుమ గోదావరి ఎర్రగా ఉరుకుతోంది. తిరగబడ్డ కొండవాళ్ళ చేతికి చిక్కకుండా ఆ రేవును నిలుపుకోవడం మా పని.

దొర కాగితం మీద గీసింది ఏడు ముఖాల కంచె. ముఖానికి మూడు తుపాకులు. నడిమి నుంచి మూలకు అరవై అడుగులు. కాలవ పనుల దగ్గర చూసి చూసి లెక్కలు నేర్చిన నాయక్‌ని నేనొక్కణ్ణే గనుక గీత నాకప్పగించారు. వానలోనే ఇనుప గొలుసు పక్కన జనపతాడు పరిచి, అరవై అడుగుల దగ్గర ముడివేశాను. మధ్యాహ్నం మమ్మల్ని హవల్దారుకు అప్పగించి, స్టీమరులో దొర గొలుసుతో సహా వెళ్ళిపోయాడు.

మూడు రోజులు అరడుగు మందం గుంజలు నరికాం. నాలుగోనాడు ఎండ కాసింది. ఆ తాడుతో వలయం గీశాను. వలయం మీద ఒక మేకు పాతి, అదే తాడుతో అటూ ఇటూ వలయాన్ని కోస్తూ రెండు గుర్తులు పెట్టాను. ఆ రెండు గుర్తుల నడుమ దూరంలో సగమే ఒక ముఖం. ఈ పద్ధతిలో చివరి ముఖం జానెడు పెరుగుతుందని నాకు తెలుసు. అందుకు రెండు గుంజలు ఎక్కువే నరికించాను. మొత్తం ఏడువందల ముప్ఫై.

ఆరోనాడు గుంజలన్నీ పాతేశాం. ఏటి వైపు ఏడడుగుల సందు మిగిలింది. మళ్ళీ నరకడానికి వెళ్ళిన ఇద్దరు చెట్ల చాటు నుంచి వచ్చిన గుండ్లకు పడిపోయారు. ఇక కంచె దాటవద్దని హవల్దారు ఆజ్ఞ. పాతినవి పీకి కుదించాలంటే రెండు రోజులు పడుతుంది.

సరంగు తాడు పట్టి చూశాడు.

"ఈ ముడి ఎప్పుడేశారండి?"

వానలో అన్నాను.

"గీసింది ఎండలో కదండీ. తడిస్తే తాడు బిగుస్తుంది, ఆరితే సాగుతుంది. వలలు లాగేవోళ్ళం, మాకు లెక్కలు రావు గానీ, అడిగుంటే ఈ ముక్క చెప్పేవోణ్ణి నాయక్ గారూ."

తుపాకీ పొడవుతో ముడి దాకా తాడు కొలిచాను. అరవై ఒక్క అడుగుల మూడు అంగుళాలు.

హవల్దారు పడవ వంక చూశాడు. అందులో నలుగురు జ్వరగాళ్ళు పడుకుని ఉన్నారు. మర్నాడు తెల్లవారగానే సరంగు వాళ్ళను పోలవరం వైద్యుడి దగ్గర దించాలి.

"దించండి వీళ్ళని. పడవ పలకలు ఊడదీసి సందుకు కొట్టండి," అన్నాడు హవల్దారు.

"మరి వీళ్ళని దేంట్లో తీసుకెళ్ళమంటారండి?" అన్నాడు సరంగు.

"ఈ సందు ఇలాగే ఉంటే ఎవ్వరం మిగలం."

మొదటి మేకు సరంగే ఊడదీశాడు. వేరేవాళ్ళు తీస్తే పలక పగులుతుందన్నాడు.

కొండవాళ్ళు రెండుసార్లు మీదికి వచ్చారు, రెండుసార్లూ కొండ వైపు నుంచే. పడవ పలకలకు ఒక్క గుండూ తగల్లేదు. జ్వరగాళ్ళలో ముగ్గురు పోయారు. ఎనిమిదోనాడు ఒకరు, పదోనాడు ఇద్దరు.

పన్నెండోనాడు స్టీమరు వచ్చింది. రాజమహేంద్రవరం దాకా సరంగు వెనక తట్టున నాకెదురుగా కూర్చున్నాడు. ఏరు మలుపు తిరిగిన ప్రతిసారీ, స్టీమరు తిరగడానికి రవ్వంత ముందు, అతని ఖాళీ కుడిచెయ్యి చుక్కాని తిప్పుతున్నట్టు కదిలేది.