తోవ తెలియని పెద్దమ్మ

నా చిన్నతనంలో ఖాజాగూడ నుంచి ఎక్కడికి బస్సెక్కాలన్నా ముందు లింగంపల్లి దాకా నడవాలి. ఇప్పుడు అద్దాల ఆఫీసులు నిలబడ్డ చోట అప్పుడు బండలుండేవి. ఆ బండలు కొట్టి మా ఊళ్లో సగం ఇళ్లు బతికేవి. మా పక్కింటి పెద్దనాయన కూడా బండ పనివాడే. ఒకరోజు బండలో పెట్టిన మందు అనుకున్నదానికన్నా ముందే పేలింది. ప్రాణం దక్కింది కానీ రెండు కళ్లూ పోయాయి.

ఆ తర్వాత ఏడాదిన్నర ఆయన వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నాడు. కంచం చేతికిచ్చేవాళ్లు ఒకరు, చెప్పులు కాళ్లకు తొడిగేవాళ్లు ఒకరు. అందరూ మంచివాళ్లే. వచ్చి, అయ్యో అని, వెళ్లేవాళ్లు. ఆయన మాటలు తగ్గిపోయాయి. చివరికి ఎవరేమడిగినా పెద్దమ్మే జవాబు చెప్పాల్సి వచ్చేది. ఆయన బదులు తను మాట్లాడుతున్నానని ఆమెకు ఒకనాడు తోచిందేమో, ఆ రోజు నుంచి మానేసింది.

ఒక సాయంత్రం ఆమె కూలి నుంచి వచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా ఆయన ముందు కూర్చుంది. సంగారెడ్డిలో చెరువు పక్కన చేపల వలలు అల్లే ముసలాయన ఉన్నాడని, పని నేర్పి ఇంటికి దారం ఇస్తాడని ఎవరో చెప్పారట. వల అల్లడానికి కళ్లు అక్కర్లేదట, వేళ్లకు తెలిస్తే చాలట. పెద్దనాయన తల అడ్డంగా ఊపాడు. ఆమె వినలేదు.

"రేపు పోతున్నం. నాకైతే తోవ తెల్వదు. బండ పనికి ఆ దిక్కంత తిరిగినోనివి, నువ్వే తీస్కపోవాలె" అంది.

నన్నూ వెంట రమ్మంది. నేను అప్పుడు నాలుగో తరగతి. బస్సుల మీద రాసింది చదవడానికి నేను కావాలనుకుని పొంగిపోయాను. కానీ తెల్లవారుజామున బయలుదేరేముందు పెద్దమ్మ నన్ను ఇంటి వెనక్కి తీసుకెళ్లి భుజం పట్టుకుంది.

"బోర్డులు సదువుకో, బిడ్డా. కడుపులనే పెట్టుకో. ఆయన అడిగితేనే చెప్పు. అడగకుంటే నోరిప్పకు."

నాకు అర్థం కాలేదు. అయినా సరేనన్నాను.

లింగంపల్లి దాకా బాగానే నడిచాం. ఆ బాట ఆయన కాళ్లకు కొత్త కాదు. బస్సుల దగ్గర మాత్రం తడబడ్డాడు. ఒక బస్సు ఆగగానే, సంగారెడ్డి దిక్కే పోతుందా అని పక్కనున్న మనిషిని అడిగాడు. ఆ దిక్కే అన్నాడతను. అందులో అబద్ధమేమీ లేదు. కానీ ఆ బస్సు పటాన్‌చెరు దాకానే పోతుంది. బోర్డు మీద అంత పెద్ద అక్షరాలు! నేను పెద్దమ్మ కొంగు లాగాను. ఆమె నా వేళ్లు విడిపించి, నన్ను ఎత్తి బస్సెక్కించింది.

పటాన్‌చెరులో అందర్నీ దిగమన్నారు. సంగతి తెలిసేసరికి పెద్దనాయన మొహం నల్లబడిపోయింది. కర్ర కింద పడేసి రోడ్డు పక్కనే కూలబడ్డాడు.

"గుడ్డోని ఎంబడి వస్తే గిట్లనే ఉంటది. ఇగ ఇంటికి పోదాం నడువు."

"ఇంటికి పోవాలన్నా తోవ నువ్వే చెప్పాలె. నాకు తెల్వదంటి గద" అని ఆమె కూడా ఆయన పక్కన నేల మీద కూర్చుంది.

ఎంతసేపు అలా కూర్చున్నామో చెప్పలేను. దుమ్ము, లారీల మోత, ఎండ. మా కళ్లముందే ఒక బస్సు వచ్చి ఆగింది. దాని మీద సంగారెడ్డి అని రాసి ఉంది. ఆ పేరు నా నాలుక చివరిదాకా వచ్చింది. పెద్దమ్మ నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. ఆ బస్సు వెళ్లిపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఈవిడకు దయ లేదనుకున్నాను. అప్పుడు చూశాను, ఆమె రెండు చేతులూ తన మోకాళ్లను గట్టిగా పట్టుకుని ఉన్నాయి. లేచి ఆ బస్సు ఆపకుండా తనను తాను ఆపుకుంటోంది.

వెళ్లిన బస్సు చప్పుడు ఎటు తగ్గిపోయిందో పెద్దనాయన చెవి పెట్టి విన్నాడు. నేల తడుముకుని కర్ర అందుకున్నాడు. లేచి, ఎండ వీపు మీద పడేలా మెల్లగా తిరిగి నిలబడ్డాడు.

"గిదే సంగారెడ్డి దిక్కు" అన్నాడు తనలో తను. తర్వాత గొంతు పెంచి, దారిన పోయేవాళ్లను ఒకరి తర్వాత ఒకరిని ఇద్దర్ని అడిగాడు. ఈసారి దిక్కు కాదు, ఊరి లోపలిదాకా పోయే బస్సు ఎక్కడ ఆగుతుందని అడిగాడు. అక్కడికి మమ్మల్ని నడిపించి, నా వైపు వంగాడు.

"బిడ్డా, వచ్చే బస్సు మీద ఏం రాసుందో జర సదువు."

నేను ఎంత గట్టిగా చదివానంటే అక్కడున్నవాళ్లంతా తిరిగి చూశారు.

సంగారెడ్డిలో దిగి, చెరువు గాలి తగిలే చోట ఒక చాయ్ కొట్టు దగ్గర ఆగాం. కొట్టువాడు పెద్దమ్మను చూసి నవ్వాడు.

"ఏమ్మా, మల్ల వచ్చినవా? మొన్న వలలాయన ఇల్లు దొరికిందా?"

పెద్దమ్మ చేతిలో గ్లాసు ఆగిపోయింది. వారం కిందట చెల్లెలి ఇంటికని చెప్పి ఆమె ఒకరోజు కనపడకుండా పోయింది. ఆ రోజు ఒంటరిగా ఇంత దూరం వచ్చి, దారంతా చూసుకుని, ముసలాయనతో మాట్లాడి వెళ్లిందన్నమాట. నేను భయంగా పెద్దనాయన వైపు చూశాను. ఆయన చాయ్ చివరి గుక్క దాకా తాగాడు. మూతి తుడుచుకున్నాడు.

"వలలాయన ఇల్లు యాడుందన్నా? మా ఆమెకు తోవ తెల్వదు" అన్నాడు కొట్టువాడితో.

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్విందో ఏడ్చిందో నాకు తెలియలేదు. మిగతా దారంతా ఆయన ముందు, ఆమె వెనక నడిచారు.

వలల ముసలాయన జాలిపడే మనిషి కాదు. వలలో ఒక్క కన్ను, ఒక్క గడి, తప్పినా చేప పోతుందని ముందే చెప్పాడు. అల్లిన వల ఒకటి ఒళ్లో వేసి, అందులో తప్పున్న చోటు పట్టుకోమన్నాడు. పెద్దనాయన మొదటిసారి తప్పు చెప్పాడు. రెండోసారీ తప్పే. బండ మీద సన్న బీటను వేలితో వెతికిన మనిషి కదా, మూడోసారి కళ్లున్న నాకే కనపడని వదులు ముడి దగ్గర ఆయన బొటనవేలు ఆగింది. ముసలాయన మెచ్చుకోలేదు. దారం ఉండ తెచ్చి చేతిలో పెట్టాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ ఉండ ఆయన ఒళ్లోనే ఉంది. పెద్దమ్మ ఆయన భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. దిగాల్సిన చోటు వచ్చినప్పుడు ఆమెను లేపింది ఆయనే. తర్వాత ఆ పని ఆయనకు సరిగ్గా పట్టుబడటానికి చాలా నెలలు పట్టింది. మధ్యలో రెండుసార్లు విసిరికొట్టాడు కూడా. కానీ మళ్లీ గోడకు ఆనుకుని ఊరికే కూర్చోలేదు.

సాయం చేయడం నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. సాయం చేయకుండా పక్కన నిలబడటం ఎంత కష్టమో ఆ రోజు పెద్దమ్మ చేతులను చూశాక తెలిసింది. దానికంటే గట్టి ప్రేమను నేను ఇంతవరకు చూడలేదు.

పోయినేడు మా ఆయనకు పక్షవాతం వచ్చింది. నడక తిరిగొచ్చింది కానీ మాట ఇంకా పూర్తిగా రాలేదు. రోజూ సాయంత్రం ఇద్దరం మా అపార్ట్‌మెంట్ కింద మందుల షాపుకు వెళతాం. ఆయన మందు పేరు చెప్పడానికి మొదలుపెడతారు. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోతారు. షాపులోని అమ్మాయి నా మొహం చూస్తుంది. వెనక వరసలో నిలబడ్డవాళ్లూ నన్నే చూస్తారు. ఆ పేరు నాకు తెలుసు. నేను ఆయన వైపే చూస్తూ నిలబడతాను.