కాళ్ళు నేలకు ఆనాలి

గల్ఫ్‌లో, మత్రా సూక్ అనే పాత బజారులో మాది బట్టల కొట్టు. నా పుట్టిల్లూ కొట్టే, అత్తిల్లూ కొట్టే. మందుల షాపులో కూడా బేరమాడి నవ్వులపాలైన చరిత్ర నాది.

ఒక శుక్రవారం, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన గోండు తమ్ముడొకడు తను బొమ్మలు వేసిన పెద్ద తెల్లగుడ్డను అంచులు కుట్టించుకోవడానికి తెచ్చాడు. బిల్డింగులకు రంగులేయడం అతని డ్యూటీ. గుడ్డ పరిస్తే జింకలు, నెమళ్ళు, గంపలెత్తుకున్న ఆడవాళ్ళు, మోకాళ్ళ కింద వేర్లున్న ఒక ముసలాయన. వెనకటికి అడవి మాదన్నందుకు తెల్లదొరల ఫౌజు చంపిన తమవాళ్ళట వీళ్ళంతా. పేర్లు ఎవరికీ తెలియవు. అందుకే ఒకరిని చూసి ఇంకొకరు అనుకోకుండా ఒక్కొక్కరి ఒంటిమీదా ఒక్కో తీరు చుక్కలు పెట్టాడు. బౌషర్‌లోని ఒక హాల్లో మన తెలుగువాళ్ళు కలుసుకునే రోజున ఆ చనిపోయినవాళ్ళకు అన్నం పెట్టి, డోలు కొట్టాలని అతని కోరిక.

అంచులు కుట్టి, ఎవరి చేతులూ పడకుండా చీరల్ని కట్టినట్టే పైకడ్డీకి ఎత్తుగా కట్టి, మెచ్చుకుంటాడని చూశాను. అతని మొహం వాడిపోయింది.

"అక్కా, ఆళ్ళను చెట్లకు ఉరేసిండ్రు. మళ్ళ గాలిల ఉంచుతమా? కాళ్ళు భూమికి ఆనాలె. అప్పుడే దిగి తింటరు, ఆడుతరు."

నేను స్టూలెక్కి ముడులు విప్పాను.

చిక్కంతా హాలుతోనే. అక్కడ ఏది కట్టినా పైకడ్డీకే కట్టాలి, కార్పెట్ మీద తిండి పెట్టకూడదు, డోలు అసలే వద్దు. హాలు చూసుకునే ఆయనది కడప. నేను వెళ్ళి కూర్చుని, మేకను లోపలికి తోలుకొస్తామనీ, నడుమ మంట వేస్తామనీ అడిగాను. ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. బాధపడుతూ మంట వదులుకున్నాను. కళ్ళొత్తుకుని మేకనూ వదులుకున్నాను. అవి రెండూ ఎవరికీ అక్కర్లేదని పాపం ఆయనకేం తెలుసు. చివరికి గుడ్డ నేలకు ఆనడానికీ, చాప మీద తిండికీ, ఒక గంట డోలుకీ ఒప్పుకున్నాడు. గెలిచానని లేవబోతుంటే నవ్వాడు.

"డోలు పొద్దు మునిగేదాకా ఇద్దామనుకుంటినమ్మా. నువ్వు మేకంటివి, భయమేసి తగ్గిస్తి."

అందరూ కలిసే రోజున నేను సంతాపసభకు వెళ్ళినట్టు ముదురు రంగు చీర కట్టి, మొహం వేలాడేసుకుని వెళ్ళాను. అక్కడంతా పెళ్ళి సందడి. బిల్డింగు సైటు మనుషులు తలపాగాలకు కాగితపు ఈకలు గుచ్చుకుని నవ్వుతున్నారు. గుడ్డ అంచు నేలకు ఆనింది. తమ్ముడు జొన్నరొట్టె, పప్పు ఆకుల్లో పెట్టి, చుక్కల్ని తాకుతూ ఒక్కొక్కరినీ పిలిచాడు. ఇక డోలు మోగింది. చుట్టూ తిరిగే కాళ్ళకు ఆకొకటి తగిలి, బొమ్మలోని ముసలాయన వేర్ల మీద పప్పు చిందింది. కొత్త గుడ్డ. నా ప్రాణం ఉసూరుమంది. కొంగుతో తుడవబోతే తమ్ముడు చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనియ్యి అక్కా. పెద్దాయన తింటుండు."

ఆ చెయ్యి వదలకుండానే నన్ను వరసలోకి లాగాడు. నాకు అడుగులు రావు. కడపాయనకూ రావని, పక్కన ఆయన నా కాలు తొక్కినప్పుడు తెలిసింది. గంట ఎప్పుడో దాటిపోయింది, గడియారం వైపు మాత్రం ఆయన చూడలేదు.